మా పాత మస్టాంగ్‌కి టాప్ కుట్టిన జ్ఞానాపురం కుషన్ షాపు

జీపుకో, పాత ఓపెన్ టాప్ కారుకో పైన గుడ్డ కుట్టించాలని వైజాగ్‌లో తిరుగుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం రాస్తున్నాను. షాపు కాన్వెంట్ జంక్షన్ నుంచి జ్ఞానాపురం వైపు వెళ్తుంటే ఎడమ చేతి సందులో ఉంది. బోర్డు లేదు. బయట ఎప్పుడూ ఒకటో రెండో లారీ సీట్లు, ఒక ఆటో హుడ్డు పెట్టి ఉంటాయి, అదే గుర్తు. లోపల రెండు కుట్టు మిషన్లు, ఒక పెద్ద బల్ల, డెబ్బై దాటిన మాస్టారు, ఆయన దగ్గర పని నేర్చుకుని అక్కడే ఉండిపోయిన ఒక కుర్రాడు. నేను మొదటిసారి వెళ్లింది 2019లో. మా కారుకి టాప్ పడింది 2023 ఏప్రిల్‌లో. మధ్యలో నాలుగేళ్లు ఏమయ్యాయంటే, మాస్టారు కుట్టనన్నారు. మూడుసార్లు. మూడుసార్లూ ఆయన చెప్పిందే రైటు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు కారు గురించి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. 1966 ఫోర్డ్ మస్టాంగ్, ఓపెన్ టాప్, 289 క్యూబిక్ ఇంచుల వీ8 ఇంజన్ (ఎనిమిది సిలిండర్లు), అంటే 4.7 లీటర్లు, స్టీరింగ్ ఎడమవైపు. మా తాతగారు కాల్టెక్స్ రిఫైనరీలో (ఇప్పటి హెచ్‌పీసీఎల్) పనిచేసేవారు. అక్కడ ఉన్న ఒక అమెరికన్ అధికారి తిరిగి వెళ్లిపోతూ అమ్మేస్తే కొన్నారు. నాన్న చిన్నప్పుడు బీచ్ రోడ్డులో ఆ కారులో తిరిగిన జ్ఞాపకాలు ఇప్పటికీ చెబుతూ ఉంటారు. తర్వాత పార్టులు దొరక్క, పెట్రోలు పోయలేక పెద్ద వాల్తేరులో మా ఇంటి వెనక షెడ్డులో పెట్టేశారు. సముద్రం నడిచి వెళ్లేంత దూరం. ఉప్పుగాలిలో రేకు సంగతి వైజాగ్ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, కిటికీ ఊచలకి ఏటా రంగు వేయించుకునే ఊరు మనది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు షెడ్డు రేకులు విరిగి కారు మీద పడ్డాయి, ఉన్న పాత టాప్ నిలువునా చిరిగింది, వారం రోజులు కరెంటు లేని ఆ చీకట్లో కారు నిండా నీళ్లు. ఆ నీళ్లు మగ్గుతో తోడిపోస్తూ నాన్న ఏమీ మాట్లాడలేదు. 2015 సంక్రాంతి సెలవుల్లో ఆయనా నేనూ కలిసి పని మొదలుపెట్టాం. ఆదివారాలు మాత్రమే, ఇంట్లోనే, చేతిలో డబ్బు ఉన్నప్పుడు.

ఈ మోడల్ మస్టాంగ్‌లకి అందరికీ తెలిసిన జబ్బు ఒకటి ఉంది. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర, కారు లోపలికి గాలి వచ్చే డబ్బా లాంటి భాగం ఉంటుంది, దాన్ని కౌల్ అంటారు. పైరేకు, కిందిరేకు కలిపి స్పాట్ వెల్డింగ్ చేసి ఉంటాయి, లోపలికి చెయ్యి దూరదు, బ్రష్ దూరదు. ఏళ్ల తరబడి ఆకులూ మట్టీ అందులో చేరి తడిగా ఉండిపోతాయి, కిందిరేకు తుప్పు పట్టి చిల్లులు పడుతుంది, ఇక వాన పడితే నీళ్లు నేరుగా కాళ్ల దగ్గరికి. కాళ్ల దగ్గర కార్పెట్ తడిసి కింద ఫ్లోర్ రేకు పోతుంది. మా కారుకి ఒక్కో స్పాట్ వెల్డునీ డ్రిల్లుతో విప్పి పైరేకు తీసి చూస్తే లోపల వేపాకులు, ఒక పిచుక గూడు, అర బకెట్ ఎర్రమట్టి. రేకు అన్నది మిగల్లేదు.

ఫ్లోర్ కోసేటప్పుడు మేం పెద్ద తప్పు చేశాం. ఈ కారుకి అడుగున వేరే ఛాసీ ఉండదు, బాడీయే ఛాసీ. పైకప్పు ఉన్న కారైతే ఆ కప్పు కూడా కొంత బరువు పట్టుకుంటుంది. ఓపెన్ టాప్‌కి ఆ ఆసరా లేదు కాబట్టి తలుపుల కింద ఉండే బద్దెల్లోనూ ఫ్లోర్ కిందా కంపెనీ వాళ్లే అదనంగా రేకులు వేసి బలం పెట్టారు. అలాంటి కారుకి ఫ్లోర్ కోసే ముందు తలుపుల సందులో అడ్డంగా పైపులు వెల్డింగ్ చేసి బిగించుకోవాలి. మేం బిగించకుండా కోసేశాం, స్టాండ్లు కూడా రెండు చివర్లలో పెట్టాం. కారు నడుం కుంగింది. మిల్లీమీటర్లలోనే కుంగింది కాబట్టి కంటికి తెలియలేదు, కొత్త ఫ్లోర్ అదే వంకరలో వెల్డింగ్ అయిపోయింది.

ఆ స్థితిలో నేను 2019లో పాత టాప్‌ని గోనెసంచిలో వేసుకుని మాస్టారు షాపుకి వెళ్లాను. దానికి ముందు వేరే ఇద్దరి దగ్గర అడిగాను. ఒకాయన ఫోన్లో ఫొటో చూసి రెండు రోజుల్లో ఇచ్చేస్తానన్నారు, ఇంకొకాయన సీటు కవర్ల రెక్సిన్‌తోనే కుట్టేద్దామన్నారు. మాస్టారు గోనెసంచి విప్పి, పాత గుడ్డని బల్ల మీద పరిచి, అరచేత్తో రెండుసార్లు సాపు చేసి, మడిచి మళ్లీ నా చేతికే ఇచ్చేశారు. "ఇది కొలతకి పనికిరాదమ్మా. యాభై ఏళ్లు ఎండకి లాగీసింది, ఒకపక్క సాగింది, ఒకపక్క ముడుచుకుంది. కొలత గుడ్డకి తియ్యకూడదు, బండికి తియ్యాలి" అన్నారు. ఆ ఆదివారం మోపెడ్ మీద ఇంటికి వచ్చారు. డబ్బులు అడగలేదు.

వచ్చిన మనిషి టాప్ వైపు చూడనే లేదు. తలుపు వేసి, తలుపుకీ వెనక బాడీకీ మధ్య సందులో చిటికెనవేలు పెట్టి పై నుంచి కిందికి జరిపారు. కింద వేలు దూరింది, పైకి వచ్చేసరికి దూరలేదు. రెండో తలుపు కూడా అంతే. "నడుం కుంగిపోనాదమ్మా. ఇప్పుడు కుట్టమంటే కుట్టీగలను, కానీ ఈ వంకరకి కుడతాను. రేపు మీరు బండి సరిచేసుకుంటే అప్పుడు గుడ్డ వంకరవుద్ది" అన్నారు. నాన్న మొహం చూడలేకపోయాను. మూడేళ్ల ఆదివారాలు ఆ ఫ్లోర్‌లో ఉన్నాయి.

మాస్టారు చెప్పాక మేం టేపు పట్టి కొలిచి చూస్తే నిజమే. ఒక టింకరింగ్ మేస్త్రీని పెట్టుకుని, వేసిన వెల్డింగులు కొన్ని విప్పి, మధ్యలో జాకీ పెట్టి కొద్దికొద్దిగా పైకి లేపి, తలుపు సందులు పైనా కిందా ఒకేలా వచ్చాక పైపులు బిగించి మళ్లీ సీఓటూ వెల్డింగ్ చేయించాం. కరోనా మధ్యలో వచ్చింది, దాంతో ఏడాదిన్నర పట్టింది.

2021లో మళ్లీ పిలిస్తే వచ్చారు. ఈసారి తలుపుల దగ్గర వేలు పెట్టి చూసి తల ఊపారు, తర్వాత టాప్ ఫ్రేమ్ పైకి ఎత్తి పట్టుకుని ఊపారు. కమ్మీలు మడతపడే చోట రివెట్లు అరిగిపోయి గలగలలాడుతున్నాయి. పక్క అద్దాలు ఇంకా బిగించలేదు, అంచుల రబ్బర్లు రాలేదు. "గ్లాసు ఎక్కడికి వచ్చి ఆగుద్దో తెలీకుండా గుడ్డ అంచు ఎక్కడ ఆపమంటారు?" అన్నారు. రెండోసారి వద్దన్నట్టు. అద్దాలు, రబ్బర్లు, ఫ్రేమ్ బుష్‌లు అన్నీ బిగించి, అద్దం పైకి ఎత్తితే రబ్బరుకి నిండుగా తగిలేదాకా సర్దడానికి ఇంకో ఏడాది.

ఇక్కడ నా తొందరపాటు కూడా చెప్పాలి. మస్టాంగ్‌కి అమెరికాలో దొరకని పార్టు లేదు. డెట్రాయిట్ దగ్గర ఉండే మా పిన్ని కొడుకు కేటలాగ్ చూసి ఆర్డర్ పెడితే మూడో రోజు గుమ్మంలో ఉంటుందట. మనకి అలా కాదు, షిప్పింగ్, కస్టమ్స్ కలిపితే సామాను ధర అంత మళ్లీ అవుతుంది. అయినా ఈయన ఎప్పటికీ కుట్టేలా లేరని టెన్షన్ పడి రెడీమేడ్ టాప్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. వచ్చింది 1967–68 మోడల్‌ది. ఆ ఏడాదుల్లో బాడీ మారిపోయింది, 1966 కారుకి పట్టదు. వెనక్కి పంపాలంటే పంపే ఖర్చే టాప్ ధరకి దగ్గరగా ఉంది. అమ్మినవాళ్ల పేరు రాయను, ఆర్డర్ పెట్టే ముందు ఏ ఏడాదికి సరిపోతుందో ఒకటికి రెండుసార్లు రాతపూర్వకంగా అడగండి, అంతే.

ఆ టాప్ తీసుకెళ్లి మాస్టారుకి చూపిస్తే అరగంట సేపు దాన్ని తిప్పి తిప్పి చూశారు. ఎక్కడ మడత పెట్టి రెండు వరసలు కుట్టారో, పక్క అంచుల్లో ఇనుప కేబుల్ దూరే సొరంగం ఎలా కుట్టారో కుర్రాడికి చూపించారు. దాన్ని కోసి సరిచేద్దామా అని అడిగాను. "మంచి వస్తువుని కొయ్యకూడదమ్మా. ఆ మోడల్ బండి ఉన్నోళ్లకి ఇచ్చీండి" అన్నారు. తర్వాత దాన్ని బెంగళూరులో ఒకరికి అమ్మేశాను, సగం డబ్బు వచ్చింది.

మూడోసారి 2022 నవంబర్‌లో. ఈసారి అన్నీ సిద్ధం. ఇక కుట్టడమే అనుకున్నాను. "ఎండాకాలం రండి" అన్నారు. నాకు నిజంగా కోపం వచ్చింది. ఆయన షాపులో ఉన్న ఒక ముక్క తీసి చూపించారు. టాప్‌కి వాడే వినైల్ (వెనక గుడ్డ ఉన్న ప్లాస్టిక్ షీటు) ఎండలో మెత్తబడి సాగుతుంది, ఆ సాగిన స్థితిలో లాగి బిగిస్తే చల్లబడ్డాక డోలు మీద తోలులా బిగుసుకుంటుంది. చల్లటి రోజు బిగిస్తే వచ్చే వేసవిలో వదులై, గాలికి టపటపా కొట్టుకుంటుంది. కొట్టుకునే చోటే చిరుగుతుంది. ఇది విన్నాక కోపం పోయింది, ఆగాను.

గుడ్డ ఎంపికలో కూడా ఆయన మాటే విన్నాను. నల్ల వినైలే కావాలని మేం ముందే అనుకున్నాం, ఎందుకంటే 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండి అసలు రూపంలోనే ఉండాలి (ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబర్‌లో వీఏ అని వస్తుంది). సీటు రెక్సిన్‌తో ఎందుకు కుట్టకూడదో ఆయన చించి చూపించారు. రెక్సిన్ వెనక అల్లిక గుడ్డ ఉంటుంది, బనీనులా సాగుతుంది. టాప్ వినైల్ వెనక నేత గుడ్డ ఉంటుంది, సాగేది కొంచెమే, మళ్లీ ఆకారానికి వస్తుంది. సరైన సరుకు చెన్నై నుంచి తెప్పించారు. దారం పాలియెస్టర్‌ది, నైలాన్ ఎండకి త్వరగా చిట్లిపోతుందని. కుట్లు నేననుకున్నంత దగ్గరగా వెయ్యలేదు. దగ్గర కుట్టు గట్టిదనుకుంటాం కదా, వినైల్‌కి అది తిరగబడుతుంది: సూది చిల్లులు మరీ దగ్గరగా పడితే పోస్టల్ స్టాంపుల మధ్య చిల్లుల్లా తయారై, లాగినప్పుడు ఆ గీత వెంబడే చినుగుతుంది. ఈ లెక్క ఆయనకి డాక్‌యార్డులో అలవాటైందట. షాపు పెట్టకముందు చాలా ఏళ్లు అక్కడ ఓడల మీద కప్పే కాన్వాస్ కవర్లు కుట్టారు.

2023 ఏప్రిల్‌లో మా ఇంట్లోనే పని జరిగింది. నాకు బాగా గుర్తుండిపోయింది ఇదే. పొద్దున వచ్చి ఫ్రేమ్ మీద పాత తెల్లగుడ్డ పరిచి, పిన్నులు పెట్టి, సుద్దముక్కతో ప్రతి కమ్మీ గీత గీసుకున్నారు. ఆ తెల్లగుడ్డే నమూనా. దాన్ని షాపుకి తీసుకెళ్లి వినైల్ కోసి కుట్టి తెచ్చారు. ముందు రెండు పక్కలా పట్టీలు, తర్వాత వెనక ప్లాస్టిక్ కిటికీ ఉన్న ముక్క, ఆ పైన అసలు టాప్. ఈ వరస తప్పితే మళ్లీ అంతా విప్పాల్సిందే. వెనక కిటికీకి జిప్ పెట్టారు, ప్లాస్టిక్ జిప్, ఇత్తడిది కూడా వద్దన్నారు. టాప్ అంచు పిన్నులు కొట్టడానికి కమ్మీలో పాత అట్ట పట్టీ ఉండేది, అది కుళ్లి పొడైపోయింది. దాని బదులు గట్టి ప్లాస్టిక్ పట్టీ దించారు. పిన్నులు స్టెయిన్‌లెస్ స్టీలువి. మామూలు పిన్నులు మన ఊళ్లో ఒక్క వానాకాలానికే తుప్పు పట్టి, ఆ తుప్పు మరక గుడ్డ మీదికి వచ్చి, తర్వాత తలలు ఊడిపోతాయి. తాతగారి టాప్‌లో ఉన్న పిన్నులన్నీ అలాగే ఉన్నాయి, చేత్తో తీస్తే వచ్చేశాయి.

టాప్ బిగించే రోజు పన్నెండు గంటలకి కారుని షెడ్డు నుంచి ఎండలోకి తోయించి, టాప్ మీద పరిచి, అరగంట ముట్టుకోవద్దన్నారు. మేమంతా మజ్జిగ తాగుతూ కూర్చున్నాం, ఆయన మాత్రం ఐదు నిమిషాలకోసారి వెళ్లి గుడ్డ మీద అరచెయ్యి పెట్టి చూస్తున్నారు. ఒకసారి పెట్టిన చెయ్యి వెంటనే తీసేసి "ఇప్పుడు" అన్నారు. ఆ తర్వాత గంటన్నర ఎవరితో మాట్లాడలేదు. ముందు మధ్యలో ఒక పిన్ను, వెనక మధ్యలో ఒక పిన్ను, మళ్లీ ముందు కుడికి ఒకటి, ఎడమకి ఒకటి, అలా నడుమ నుంచి చివరలకి. కుర్రాడు వెడల్పు మూతి పటకారుతో లాగి పట్టుకుంటాడు, మాస్టారు బొటనవేలితో ముడత సాపు చేసుకుంటూ వచ్చి పిన్ను కొడతారు. ఒకచోట ముడత పోలేదు. పదిహేను పిన్నులు వెనక్కి విప్పి మళ్లీ కొట్టారు. బయట నుంచి చూస్తే ఎవరికీ కనబడని ముడత అది.

సాయంత్రం నీడ వచ్చాక టాప్ మీద వేలితో కొడితే ఢమ్ అని మోగింది. నాన్న కారు చుట్టూ ఒక రౌండు తిరిగి, డ్రైవర్ సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, అద్దాలు ఎత్తుకుని ఆ నల్లటి నీడలో చాలాసేపు ఉండిపోయారు. నేను పిలవలేదు.

నీళ్ల పరీక్ష మూడో రోజు చేశాం. పైపుతో పై నుంచి ఒకేసారి కొట్టకూడదట. కింద నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెం పైకి వెళ్తే కారేది ఏ చోటో తెలుస్తుంది. వెనక కిటికీ చుట్టూ ఒక్క చుక్క రాలేదు. వారం పది రోజులు టాప్ మడవకుండా బిగించే ఉంచమన్నారు, అలాగే ఉంచాం. తడిగా ఉన్నప్పుడు ఎప్పుడూ మడవొద్దన్నారు, బూజు పడుతుంది, మన ఊరి తేమకి మరీను. ఆ ఏడాది డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను వానలకి కావాలనే ఒక గంట బయట పెట్టి చూశాం. ఎడమ ముందు మూల నుంచి బొట్టు బొట్టుగా నీరు వచ్చింది. ఫోన్ చేస్తే రెండు రోజుల తర్వాత వచ్చి, రబ్బరు చివర చిన్న ముక్క అతికించి వెళ్లారు. డబ్బు తీసుకోలేదు. ఆ తర్వాత కారలేదు.

ఖర్చు: వినైల్ 16,000, కిటికీ ప్లాస్టిక్, జిప్ కలిపి 2,500, పట్టీలు, పిన్నులు, జిగురు 2,000, కూలి 18,000. మొత్తం 38,500. పక్క అంచుల కేబుళ్లు మా దగ్గర ముందే ఉన్నాయి, అవి ఇందులో లేవు. ఇంటికి వచ్చిన రోజులకి వేరే తీసుకోలేదు. నేను తప్పు మోడల్ టాప్ మీద పెట్టిన దానికంటే ఇది తక్కువ.

నచ్చనివి కూడా రాయాలి. ఫోన్ సరిగ్గా ఎత్తరు, రెండు రోజులన్న కుట్టు పని ఆరు రోజులు పట్టింది, లారీ సీట్ల పని మధ్యలో దూరింది. బిల్లు ఇవ్వరు, కాబట్టి ఏ సరుకు ఎంతకి కొన్నారో మీరే కాగితం మీద రాసుకోండి. ఎడమ పక్క కుట్టు గీత, కింద ఉన్న కమ్మీకి అర సెంటీమీటరు పక్కకి పడింది. ఎదురుగా నిలబడి చూస్తే తెలుస్తుంది. మాస్టారే ముందు చూపించి, విప్పి కుట్టమంటారా అని అడిగారు. విప్పితే పాత సూది చిల్లులు ఉండిపోతాయి కాబట్టి వద్దన్నాను. కార్ షోలో పెట్టి బహుమతి కొట్టాలనుకునేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. వాన, ఎండ, ఉప్పుగాలి తట్టుకుని ఇంటి కారుగా తిరగాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి పని వైజాగ్‌లో నేను చూడలేదు.

వెళ్లాలనుకుంటే ఒక్క మాట. రీస్టోరేషన్‌లో అందరికీ టాప్ ముందు వేయించాలని ఉంటుంది, అది పడితే కారు పూర్తయినట్టు కనిపిస్తుంది కాబట్టి. వెల్డింగ్, తలుపులు, అద్దాలు, రబ్బర్లు అయ్యాకే వెళ్లండి. రంగు కూడా అయిపోతే ఇంకా మంచిది. వెళ్లేటప్పుడు తలుపు సందుల ఫొటోలు తీసుకెళ్లండి, ఆయన మొదట అడిగేది అవే. ఫిబ్రవరిలో మాట్లాడి పెట్టుకుంటే ఏప్రిల్, మే ఎండల్లో పని అవుతుంది. పొద్దున పదిన్నర తర్వాత షాపులో ఉంటారు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా భోజనానికి ఇంటికి వెళ్తారు, ఆదివారం సెలవు. కార్లు చూడటానికి ఇళ్లకి వెళ్లేది మాత్రం ఆదివారమే.